మూడో పొరలో మాట

పొద్దున్నే క్లినిక్ తెరవగానే పళ్ళ డాక్టరమ్మ ముందుగా చప్పుళ్ళు ఆర్పుతుంది. గోడ గడియారం బ్యాటరీ తీసి సొరుగులో పడేస్తుంది. ఫ్యాను కట్టేస్తుంది. తలుపు సందుల్లో గుడ్డలు కూరుతుంది. వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ బయటి బల్ల దగ్గర ఆమె ఆడపడుచు ఒక డబ్బాలో వేయించుకుంటుంది. ఆ ఆడపడుచు మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినపడుతుంది. అలాంటి మనిషి పగలంతా మూతి మీద వేలు పెట్టుకుని కూర్చుంటుంది.

కారణం అందరికీ తెలిసిందే. విరిగిన పన్నుకి డాక్టరమ్మ పెట్టే ముద్ద మెత్తగా ఉంటుంది, నీలం దీపం పడితే రాయిలా గట్టిపడుతుంది. దీపం వెలుగుతుండగా గదిలో ఏ చప్పుడైతే ఉందో అదీ పన్నులో గట్టిపడిపోతుంది. ఆ తర్వాత పన్నుగల మనిషి పళ్ళు బిగించినప్పుడల్లా బయటికొస్తుంది. కొత్తలో ఈ సంగతి తట్టక, కూరగాయలాయన పన్ను బాగుచేస్తుంటే పై వాటాలో కుక్కరు కూసింది. ఇప్పటికీ ఆయన జామకాయ కొరికితే వాళ్ళావిడ పరుగున వెళ్ళి స్టవ్వు కట్టేస్తుంది. లెక్కల మాస్టారి పన్నులో కుక్క మొరుగుడు పడింది. ఆయనకి దానివల్ల లాభమే, క్లాసులో ఒక్కసారి పళ్ళు నూరితే పిల్లలు కిక్కురుమనరు.

ఇంత జరిగినా జనం ఆమె దగ్గరికే వస్తారు. ఆమె పెట్టిన ముక్క ఎక్కడ మొదలైందో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు మరి. మనిషి వచ్చి నోరు తెరవగానే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పగటి వెలుతుర్లో రంగు చూస్తుంది. "ముందు రంగు, తర్వాతే పని. పన్ను ఆరిందంటే అబద్ధం చెబుతుంది, ఉన్నదానికంటే తెల్లగా కనపడుతుంది" అంటుంది. చిగుళ్ళ దగ్గర కాస్త పసుపు, నడుమ పాలరంగు, అంచుకి అద్దం లాంటి మెరుపు, ఒక్క పన్నులో ఇన్ని ఉంటాయని ఆమె చెబితే గానీ తెలీదు. ఆ చేతులకి దణ్ణం పెట్టాల్సిందే.

ఒక మధ్యాహ్నం కాన్పుల గదిలో పనిచేసే నర్సు వచ్చింది. ముందు పన్ను మూల విరిగి ఉంది. ప్లాస్టరు టేపుని పళ్ళతో తెంపీ తెంపీ విరగ్గొట్టుకుంది.

"పళ్ళేమన్నా కత్తెరనుకున్నావా?" అంది డాక్టరమ్మ.

"రెండు చేతులూ ఖాళీ ఉండవండీ. మా గదిలో మూడో చెయ్యి పళ్ళే."

"విరిగి చాన్నాళ్ళయినట్టుందే. ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడొచ్చావేం?"

నర్సు వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు రేకు మీద రెండుసార్లు చరిచి 'రైట్ రైట్' అని అరిస్తే, దిగిపోయినవాళ్ళు కూడా ఓ అడుగు ముందుకేసేవాళ్ళట. అందుకే పేరు మరిచిపోయి అందరూ ఆయన్ని రైట్‌రైట్ అనే పిలుస్తారు. ఇప్పుడా గొంతులో గడ్డ లేచింది. మాట బొంగురుపోయింది.

"ఆపరేషన్ చేసి గొంతు తీసేస్తేనే బతుకుతారట. ఈయనేమో చేయించుకోనంటున్నారు" అంది నర్సు.

"గొంతు లేకుండా బతికి ఏం చెయ్యనమ్మా?" అన్నాడు రైట్‌రైట్. "జీవితమంతా నోటితో బతికినవాణ్ణి. అది ఎక్కడో ఒకచోట ఉంటుందంటే సరే, కత్తి కిందికి వెళ్తాను. లేదంటే దానితోపాటే పోతాను."

డాక్టరమ్మకి విషయం అర్థమై మొహం గంటు పెట్టుకుంది. "పన్నులో చప్పుడు మిగిలితే అది నా పనిలో లోపం బాబాయ్ గారూ. తెలిసి తెలిసి లోపం పెట్టి పంపమంటారా?"

"మీకది లోపం. నాకు మా నాన్న" అంది నర్సు.

డాక్టరమ్మ నర్సుని కిటికీ దగ్గరికి నడిపించి రంగు చూడడం మొదలుపెట్టింది.

"మూడు పొరలు వేస్తాను. దీపం మూడుసార్లు వెలుగుతుంది. మీరు చెప్పాలనుకున్నది అప్పుడే చెప్పాలి" అంది.

వారం రోజులుగా స్నానాల గదిలో తలుపేసుకుని సాధన చేస్తున్నాడాయన. వెయ్యేళ్ళు వర్ధిల్లమని ఒకటి, ధర్మం తప్పొద్దని ఒకటి, ఇంకా పెద్ద పెద్దవి చాలా సిద్ధం చేసుకున్నాడు.

డాక్టరమ్మ పన్ను అంచుని కొద్దిగా గరుకు చేసింది. మందు పూసి కడిగింది, జిగురు రాసింది. బియ్యపు గింజంత ముద్ద తీసి అద్ది దీపం పట్టింది. గదంతా నీలంగా మారింది. రైట్‌రైట్ నోరు తెరిచాడు. మాట రాలేదు. దీపం ఆరిపోయింది.

రెండో పొర వేసింది. నిండు బస్సులో వందమందిని అదిలించిన మనిషికి ఆ నిశ్శబ్దంలో నాలుక పిడచకట్టుకుపోయింది. అదీ అయిపోయింది.

మూడో పొరకి చాలాసేపు పట్టింది. సన్నటి కుంచెతో అంచు దిద్దుతూ డాక్టరమ్మ ఊపిరి కూడా బిగబట్టింది. నోరు తెరిచి తెరిచి నర్సుకి దవడలు లాగేస్తున్నాయి. కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. కుర్చీ చెయ్యిని గట్టిగా పట్టుకుంది. దీపం వెలిగింది. బిగుసుకున్న కూతురి చేతినే చూస్తున్న తండ్రి దీపం సంగతే మరిచిపోయాడు.

"ఇంకొంచెమే తల్లీ, అయిపోవచ్చింది" అన్నాడు.

దీపం ఆరిపోయింది.

"అయ్యయ్యో! ఇది కాదు నేను చెప్పాలనుకున్నది!" అని తల బాదుకున్నాడు. "తీసేసి మళ్ళీ వెయ్యండి డాక్టరమ్మా, మీకు పుణ్యముంటుంది!"

డాక్టరమ్మ పన్నుకి మెరుగు పెట్టి, అద్దం పట్టి అన్ని వైపులా చూసింది. అతుకు ఆమెకే కనపడలేదు. "ఇంత బాగా కుదిరిన పన్నుని నేను చెడగొట్టను" అంది.

ఇచ్చిన మాట ప్రకారం ఆయన ఆపరేషన్ చేయించుకున్నాడు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి కూర్చోవడమే పనిగా పెట్టుకున్నాడు. కూతురు పళ్ళు బిగించి వినిపించబోతే చెవులు మూసుకునేవాడు. తనవి ఎన్ని గొప్ప మాటలుండగా, చివరికి మిగిలింది ఆ ముక్కా అని ఆయన బాధ.

ఓ రోజు నర్సు హడావుడిలో అన్నం డబ్బా మరిచిపోయి డ్యూటీకి వెళ్ళింది. ఆయన కాసేపు డబ్బాకేసి కోపంగా చూశాడు. తర్వాత మెడకి కండువా చుట్టుకుని డబ్బా పట్టుకుని బయల్దేరాడు.

కాన్పుల గది బయట బెంచీ మీద ఒక కుర్రభర్త చెమటలు కక్కుతున్నాడు. ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు. లోపలి నుంచి ఒకమ్మాయి ఏడుస్తోంది. "నా వల్ల కాదక్కా! నన్నొదిలెయ్యండి, నా వల్ల కాదు!" ఆ తర్వాత గొంతు సన్నగిల్లి, అరుపు కూడా ఆగిపోయింది. భర్త లేచి నిలబడ్డాడు.

లోపల నర్సు ఆ పిల్లని భుజాల కింద చేతులేసి, పళ్ళు బిగించి పైకి లేపింది.

"ఇంకొంచెమే తల్లీ, అయిపోవచ్చింది."

బొంగురు గొంతు. నిదానంగా, పక్కనే కూర్చుని చెబుతున్నట్టు ఉంది. లోపల ఎవరూ ఎవరా అని అడగలేదు. ఆ పిల్ల మాత్రం "నిజంగానా?" అంది.

"ఇంకొంచెమే తల్లీ, అయిపోవచ్చింది."

బెంచీ మీద రైట్‌రైట్ డబ్బాని గుండెకి అదుముకున్నాడు. లోపల ఆ పిల్ల ఉన్న బలమంతా కూడదీసుకుని ఒక్క కేక పెట్టింది. ఆ కేక ముగియకుండానే సన్నగా, కోపంగా ఇంకో కొత్త గొంతు లేచింది.

కుర్రభర్త కూలబడి ఏడుస్తూ అడిగాడు. "లోపల మాట్లాడిన ఆ పెద్దాయన ఎవరండీ? కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటాను."

రైట్‌రైట్ నోరు తెరిచి, మూసి, వేలితో తన గుండె మీద తట్టి చూపించాడు. కొత్త గొంతు ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆయన అరచేత్తో బెంచీని రెండుసార్లు గట్టిగా చరిచాడు.