ఇరవై ముగ్గురు చుట్టాలు

"ఎవర్రా ఆ ఇరవై ముగ్గురూ?" అని అడిగింది పెద్దమ్మ.

ఆమె తలుపుకి అంటించిన నోటీసు నేను చదివి వినిపిస్తున్నాను. తాళాలు బాగుచేసేవాణ్ణి, నా చదువు అంతంతమాత్రం. అయినా ఆ కాగితంలో అర్థం కానిదేమీ లేదు. రెండు గదుల పోర్షనులో ఇరవై ముగ్గురు చుట్టాలను ఉంచుకున్నట్టు ఆమే ఒప్పుకుందట. నలుగురికి మించి ఉండకూడదట. కాబట్టి పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలట. కింద సాక్ష్యానికి ఆమె వేలిముద్ర.

పెద్దమ్మ అని ఇంట్లో అందరం పిలుస్తాం గానీ ఆమెకి చుట్టమన్నవాడు ఒక్కడూ లేడు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట పెళ్ళై ఆ గదుల్లోకి వచ్చింది. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది.

కార్మిక మిత్రులారా, కాలేజీ పిల్లలారా, ఇదెలా జరిగిందో చెప్పాలంటే ముందు మా సిగ్గు చెప్పుకోవాలి. దాచను.

మాది కోటగోడ లోపలి పాత పేట. చెక్కమెట్ల ఇల్లు, పద్నాలుగు పోర్షన్లు. ఆ మెట్లు కిర్రుమంటే బయటివాళ్ళకి ముచ్చట, మాకు మోకాళ్ళ నొప్పి. ఓనరు మొహం ఎవరమూ చూడలేదు. ఆయన తరఫున ఒక మేనేజరు ఉన్నాడు. ఖాళీ చేయించిన ప్రతి గుమ్మంలో 'స్వాగతం' అని రాసిన కాళ్ళు తుడుచుకునే పట్టా పరుస్తాడు గనక వాడి పేరే స్వాగతం అయిపోయింది. తొమ్మిది పోర్షన్లు అలా పోయాయి. సెలవులకొచ్చేవాళ్ళు ఫోనులో ఫోటోలు చూసి బుక్ చేసుకుంటారు, రెండు రోజులుండి పోతారు. ఆ తొమ్మిది తలుపులకీ నంబరు తాళాలు బిగించింది నేనే. ఆ మంచాల మీది దుప్పట్లు ఉతికింది పెద్దమ్మే. మమ్మల్ని వెళ్ళగొట్టే పని మా చేతులతోనే చేయించుకున్నాడు!

పాత పేటలో ఇళ్ళను పర్మిషను లేకుండా అలా రోజువారీ అద్దెకివ్వకూడదని రూలు. తనిఖీ వస్తోందని తెలిసి స్వాగతం ఇంటింటికీ తిరిగాడు.

"అడిగితే మా చుట్టాలని చెప్పండి. లేదంటే ఇల్లంతా మూసేస్తారు, మీరూ రోడ్డున పడతారు" అన్నాడు.

భయపడ్డాం. చెప్పాం. ఇంటికింతమందని వాడే పంచిపెట్టాడు. నాకు పదకొండుగురు మేనమామలు, మేనత్తలు వచ్చారు. తనిఖీ ఆఫీసరు నవ్వుకుంటూ రాసుకుని మా చేత సంతకాలు పెట్టించాడు. ఇప్పుడదే కాగితం మా మెడకి చుట్టుకుంది.

ఆ సాయంత్రం వాకిట్లో మీటింగు పెట్టాం. మిగిలిన ఐదిళ్ళవాళ్ళూ, గదులు ఊడ్చడానికి వచ్చే ఆడవాళ్ళూ కూర్చున్నారు.

"మనం చెప్పింది అబద్ధమని తనిఖీ ఆఫీసులో రాసిచ్చేద్దాం" అన్నాను.

కింది పోర్షను గుమాస్తాగారు ఉలిక్కిపడ్డాడు. కోర్టులో పనిచేసి రిటైరైన మనిషి.

"మతి పోయిందా? సర్కారుకి అబద్ధం చెప్పామని మనమే రాసిస్తే లోపలేస్తారు!"

"ఇప్పుడు బయటికి గెంటుతున్నారు కదండీ, లోపలైతే నయం కాదూ?" అంది ఊడ్చే అక్క.

అందరూ నవ్వారు గానీ గుమాస్తాగారు నవ్వలేదు. "నాకు ఆ కాగితాల సంగతి తెలుసు తల్లీ. ఒకసారి ఎక్కిందంటే దిగదు. ఈ వయసులో నాకెందుకీ తంటా? నోటీసొచ్చింది ఆవిడకి."

పెద్దమ్మ లేచింది.

"అవునయ్యా, నాకే వచ్చింది. ఇవాళ నాకు, రేపు నీకు. నా గదిలో నేను చస్తానన్నా ఒప్పుకోరట. ఎవరో వచ్చి ఫోటోలు తీసుకోవాలట అక్కడ!"

నాకొచ్చిన నాలుగు ముక్కల్లో జరిగిందంతా కాగితం మీద రాశాను. ముందు నేను సంతకం పెట్టాను. ఊడ్చే అక్క పెట్టింది. ఒక్కొక్కరే లేచారు. చివరికి గుమాస్తాగారు కాగితం లాక్కుని, "రాయడం కూడా చేతకాదు మీకు" అని తిట్టుకుంటూ తప్పులు దిద్ది, అడుగున తనూ పెట్టాడు. మొత్తం ముప్పై ఒక్క సంతకాలు.

మర్నాడు అందరం కలిసి ఆఫీసుకి వెళ్ళాం. తనిఖీ ఆఫీసరు మొదట తీసుకోనన్నాడు. మేం వరండాలో బైఠాయించాం. మధ్యాహ్నానికి తీసుకుని ముద్ర వేశాడు. "పరిశీలిస్తాం" అన్నాడు. నోటీసొచ్చిన పదహారో రోజు పొద్దున వ్యాను నిండా పోలీసులొచ్చారు. అదీ వాళ్ళ పరిశీలన!

పెద్దమ్మ లోపల తాళం వేసుకుని కూర్చుంది. మెట్ల నిండా ఆడవాళ్ళు కూర్చున్నారు. స్వాగతం నన్ను పిలిచాడు.

"తాళం తియ్యి."

"తియ్యను."

"నీ పనే అదిరా!"

"నా పనే కాబట్టి తియ్యను."

వాడు పక్క వీధి నుంచి ఇంకో తాళాలవాణ్ణి పిలిపించాడు. వచ్చింది ఎవరో కాదు, నా బావమరిది. మా ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. వాడు నావైపు చూడకుండా మెట్లెక్కాడు. ఆడవాళ్ళు దారివ్వకపోతే పోలీసులు ఇద్దర్ని పక్కకి ఈడ్చారు. వాడు తలుపు దగ్గర గొంతుకూర్చుని తాళాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. కళ్ళు మూసుకుని తియ్యగలడు.

"ఇది నాకు రాదండీ" అన్నాడు లేచి. "చాలా కష్టమైన తాళం. మా బావ బిగించాడు కదా."

మెట్లమీద నవ్వులు పేలాయి. మూడోవాడొచ్చాడు. వాడికీ రాలేదు. నాలుగోవాడు ఫోనే ఎత్తలేదు. ఆ పేటలో ఒక్కసారిగా తాళాల విద్యే మాయమైపోయింది!

పోలీసులు గునపం తెచ్చి తలుపు పగలగొట్టారు. పెద్దమ్మని చేతులు పట్టి లాక్కొచ్చారు. మంచం, బట్టల మూట, మొగుడి ఫోటో మెట్లమీద పడ్డాయి. గదికి సీలు వేశారు. మా కళ్ళముందే.

పోలీసాయన జేబులోంచి మా కాగితం తీశాడు. "ప్రభుత్వానికి అబద్ధం చెప్పామని మీరే రాసిచ్చారు. మొదటి సంతకం ఎవరిది?"

"నాదే" అన్నాను. రెక్క పట్టుకున్నారు.

"రెండోది నాది" అని అక్క చీపురు కింద పెట్టి వచ్చింది.

గుమాస్తాగారు చొక్కా గుండీలు పెట్టుకుని ముందుకొచ్చాడు. "చివరిది నాది. తప్పులు దిద్దింది కూడా నేనే, రాసుకోండి."

ఇంకెవర్నీ పిలవక్కర్లేకపోయింది. వ్యాను నిండిపోయింది. పెద్దమ్మని ఎవరూ ఎక్కమనలేదు. తనే ఎక్కింది. "ఇంటికి సీలేశారు, ఇంకెక్కడికి పోను? జరగండర్రా" అంది. మాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సాయంత్రం లాకప్పులో ఉన్నాం. పక్క వీధి ఇళ్ళవాళ్ళు పదిమంది స్టేషనుకి వచ్చారు. వాళ్ళకీ ఒక మేనేజరున్నాడు. వాళ్ళూ చుట్టాలని సంతకాలు పెట్టినవాళ్ళే. వాళ్ళలో ఒకావిడకి ఆ పొద్దునే నోటీసొచ్చింది. కానిస్టేబులు గదమాయిస్తున్నా కదలకుండా కటకటాల దగ్గర నిలబడ్డారు.

"ఆ కాగితం ఎలా రాశారండీ?" అని అడిగింది ఆవిడ.

మేమందరం గుమాస్తాగారివైపు చూశాం. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. లేచి, ఊచలు పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"కలముందా? రాసుకో తల్లీ. మొదటి వాక్యం: మేం భయపడి అబద్ధం చెప్పాం. రెండోది: ఇక చెప్పం."