రబ్బరు బుడ్డి

"ఇవాళ వడ్డాది బస్సు మనకంటే ముందు అనకాపల్లి చేరిందో, తాళం నా చేతిలో పెట్టి ఇంటికి పోరా పరదేశీ!"

చోడవరంలో బస్సెక్కుతూనే యజమాని గణపతిరావు అన్న మాట అది. అని ఊరుకోలేదు, డ్రైవరు పక్క సీట్లోనే బైఠాయించాడు.

డ్రైవరు పరదేశి బస్సు కదిలించాడు. రోజూ అదే రోడ్డు, అవే గోతులు. ఒకప్పుడు ఈ దారిలో అతని రక్తం సలసలా కాగేది. ఇప్పుడూ కాగుతుంది. పొంగనివ్వకూడదని పంతం పట్టాడు, అంతే.

వెంకన్నపాలెం దాటగానే బెల్లం బళ్ల వరస అడ్డొచ్చింది. బళ్లవాళ్లు కునుకు తీస్తుంటే, ఎడ్లు ముందు బండిని చూసుకుంటూ నడుస్తున్నాయి. పరదేశి వేగం తగ్గించాడు.

"కొట్టరా బూరా!"

"కూడదు బాబూ. ఆళ్లకది తిట్టుతో సమానం. కాసేపు ఊరుకుంటే ఇంజను సప్పుడికి ఆఖరి బండోడే లేచి ముందుకి కేకేస్తాడు. వరసంతా తప్పుకుంటాది."

ఇంతలో వెనకనుంచి పోటీకొస్తున్న వడ్డాది బస్సు బూరా మోత మొదలెట్టింది. గణపతిరావు ఆగలేకపోయాడు. చెయ్యి చాచి బూరా రబ్బరు బుడ్డిని కసిగా నొక్కాడు. భోంయ్! మళ్లీ భోంయ్!

ఆఖరి బండి తోలే పెదబాబు లేచి కూర్చున్నాడు. ఎడ్లని సరిగ్గా రోడ్డు మధ్యన ఆపి, తీరుబడిగా చుట్ట వెలిగించాడు.

"తొందరేటి బాబూ? మా ఎడ్లకి నేదు!"

బస్సులో నవ్వులు లేచాయి. వెనక సీట్లోంచి, మిరపకాయల గంప ఒళ్లో పెట్టుకున్న నరసమ్మ అంది: "ఇంకోపాలి నొక్కండి బాబూ, ఈపాలి ఆడు పడుకుంటాడు!"

గణపతిరావు చెయ్యి మళ్లీ చాచాడు. ఈలోగా పరదేశి బుడ్డిని ఊడబీకి జేబులో వేసుకుని, ఇంజను ఆపేశాడు.

"ఒరే! నీ ఉద్యోగం పోయింది. దిగు!"

"నడిరోడ్డు మీద జనాన్ని ఒదిలేసి దిగను. అనకాపల్లిలో దిగుతాను. అందాకా స్టీరింగు నాది."

చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. పళ్లు బిగుసుకున్నాయి. అయినా కదల్లేదు.

సగం చుట్ట కాలాక పెదబాబు వెనక్కి తిరిగాడు. "ఏటి పరదేశీ, బూరా సచ్చిపోయిందేటి?"

"పీకేసేను."

"మంచి పని సేసేవు." పెదబాబు ముందుకి కేకేశాడు. "తప్పుకోండర్రోయ్!"

వరసంతా పక్కకి ఒరిగింది. బస్సు సాగిపోయింది. ఆగకుండా కూస్తున్న వడ్డాది బస్సు ముందుకి పెదబాబు బండి మళ్లీ వచ్చి నిలబడడం పరదేశి అద్దంలో చూశాడు.

అనకాపల్లిలో వాళ్లే ముందు. గణపతిరావు ముఖం విప్పారింది. "సరే, క్షమించాను. ఆ బుడ్డి తగిలించు."

పరదేశి ఒక చేత్తో బుడ్డి, ఇంకో చేత్తో తాళం పట్టి చూపించాడు. "బుడ్డి తగిలిస్తే తాళం కూడా తీసేసుకోండి."

"పొగరా?"

"అవును బాబూ."

గంప నెత్తికెత్తుకుంటూ నరసమ్మ ఆగింది. "సాయంత్రం ఆ బళ్లే ఖాళీగా తిరిగొస్తాయి. బూరా కొడితే ఆళ్లు ఎక్కడ పడితే అక్కడ ఆపుతారు. అప్పుడు బస్సు మీరే నడుపుతారేటి బాబూ?"

గణపతిరావు ఆ రెండు చేతులకేసీ చూశాడు. బుడ్డి లాక్కుని కోటు జేబులో కుక్కుకున్నాడు. వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాడు.

"ఇంకా నిలబడ్డావేం? తిరుగు ట్రిప్పుకి బయల్దేరు!"

"టీ తాగొస్తాను బాబూ," అన్నాడు పరదేశి. జవాబు కోసం ఆగలేదు.