పోలమ్మ పేరున్న దస్తావేజు

నేను ఒక దస్తావేజును. ఉత్త కాగితమే కదా అనుకోకండి. ఉత్త కాగితాలు పకోడీల పొట్లాలకి పోతాయి. నా ఒంటి మీద ప్రభుత్వం వారి ముద్ర ఉంది, వీపు మీద సబ్‌రిజిస్ట్రారు గారి సంతకం ఉంది, కచేరీ పుస్తకంలో నాకంటూ ఒక నంబరుంది. నిడదవోలులో ఐదు సెంట్ల జాగా, అందులో రెండు గదుల పెంకుటిల్లు ఎవరివో చెప్పవలసినదాన్ని నేనే. ఆ ఇల్లు నా వల్లే నిలబడిందంటాను. గోడలు ఒప్పుకోకపోతే పోనీ.

నేను పుట్టింది 1971లో, కచేరీ ముందు రేకుల పందిరి కింద. రాసినవారు ఆకొండి సోమయాజులు గారు, పేరు మోసిన లేఖరి. కొనడానికొచ్చింది కడలి పోలమ్మ, శనివారం సంతలో ఎండుచేపలమ్మే మనిషి. ఆవిడ మొగుడు అప్పారావు కొత్త పంచె కట్టుకుని, కొంటున్నది తనే అన్నంత దర్జాగా పక్కన నిలబడ్డాడు. సోమయాజులు గారు అలవాటు కొద్దీ ఆయన పేరే అడిగారు.

"ఆయన పేరొద్దు బాబూ, నా పేరు రాయండి," అంది పోలమ్మ. "ఆయన పేర రాత్తే వచ్చే నెలకల్లా పేకాటలో పెట్టేత్తాడు."

పందిట్లో అందరూ నవ్వారు. అప్పారావూ నవ్వాడు గానీ పంచె కొంగు సర్దుకుంటూ నవ్వాడు. 'కడలి పోలమ్మ గారు తన స్వార్జితంతో' అని మొదటి పేజీలో ముచ్చటైన అక్షరాలతో పడింది. ఆ 'గారు' నాకెంత గర్వమో చెప్పలేను. ఎండుచేపల తట్ట ఎత్తుకున్న ఆవిడని అంతవరకు ఎవరూ గారు అని ఉండరు. చదువు రాని పోలమ్మకి సోమయాజులు గారు వేలు పెట్టి మరీ చూపించారు. "ఇదిగో తల్లీ, ఇక్కడుంది నీ పేరు."

ఆవిడ ఆ చోటు మరిచిపోలేదు. ఏటా దసరాకి నన్ను ట్రంకు పెట్టెలోంచి తీసి, సరిగ్గా తన పేరున్న చోటే తడి పసుపు పెట్టి, దాని మీద కుంకం అద్ది, కళ్ళకద్దుకునేది. ముప్పై ఎనిమిది దసరాలు అలాగే గడిచాయి. పసుపు మీద పసుపు పేరుకుని పెచ్చు కట్టింది. ఎంతో భక్తిగా, తన పేరుని తన చేత్తోనే కప్పేసుకుంది మహాతల్లి.

ఈలోగా ఊళ్ళో అప్పారావు 'నా ఇల్లు' అని చెప్పుకునేవాడు. మొగుడి పరువు పోతుందని పోలమ్మ ఊరుకునేది. కూతురు నూకరత్నం ధవళేశ్వరంలో ఒక వడ్రంగిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నప్పుడు, అప్పారావు గుమ్మంలో నిలబడి "నా ఇంట్లో అడుగెట్టావంటే కాళ్ళిరగ్గొడతా" అన్నాడు. పోలమ్మ అప్పుడూ ఊరుకుంది. సంత అయ్యాక బస్సెక్కి వెళ్ళి కూతుర్ని చూసొచ్చేది గానీ, ఇల్లు నాది, నువ్వు రా అని ఒక్కనాడూ అనలేదు. ఆ ఒక్క విషయంలో ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే.

తరవాత అప్పారావు, తన కొడుకు సూరిబాబు పేర వీలునామా రాసి మరీ పోయాడు. తనది కాని ఇంటిని అంత ఉదారంగా ఇచ్చేసినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. కొన్నేళ్ళకి పోలమ్మా పోయింది. సూరిబాబు మంచివాడే. తండ్రి చెప్పిందే నమ్మాడు.

మొన్న వేసవిలో ఆ ఇంటిని అమ్మకానికి పెట్టాడు. బేరానికొచ్చింది ఆర్టీసీ కండక్టరు మంగతాయారు. ఇరవై రెండేళ్ళలో పదకొండు అద్దె ఇళ్ళు మారిన మనిషి. ఇప్పుడున్న ఇంటివాళ్ళు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఉద్యోగంలో కూడబెట్టిందంతా ఈ రెండు గదుల మీదే పెడుతోంది. ఇది బెడిసికొడితే మళ్ళీ కొనే ఓపికా లేదు, వయసూ లేదు. అందుకే నన్ను తీసుకుని లాయరు ఎస్తేరు రాణి గారి దగ్గరికి వెళ్ళింది. సూరిబాబూ వెంట వచ్చాడు.

రాణి గారు అడగడం మొదలుపెడితే ఆపరు. లింకు డాక్యుమెంట్లనే పాత దస్తావేజులు ఉన్నాయా, తనఖా ఏమైనా ఉందా, హద్దులు కొలిచారా, వారసులెంతమంది?

సూరిబాబుకి విసుగొచ్చింది. "ఇంటి పన్ను నా పేరే, కరెంటు నా పేరే, మా నాన్న వీలునామా నా పేరే. ఇంకేటండి కావాలి?"

"పన్ను ఎవరైనా కట్టొచ్చండి. కట్టినంత మాత్రాన ఇల్లు వాళ్ళదైపోదు. అసలు కొన్నదెవరు?" అంటూ ఆవిడ నన్ను విప్పారు. పేరుండాల్సిన చోట పసుపు పెచ్చు. గోటితో గీకబోయి ఆగారు. ఎంత మర్యాద తెలిసిన మనిషి! నన్ను కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి పెదవి విరిచారు. "ఇది కనిపించదు. కచేరీ నుంచి నకలు తెప్పిద్దాం. అప్పటిదాకా ఒక్క సంతకం కూడా వద్దు."

ఆ వారం రోజులూ మంగతాయారు డ్యూటీ దిగగానే రాణి గారి గుమ్మం ముందు నిలబడేది. నకలు వచ్చింది. రాణి గారు పైకి చదివారు. కడలి పోలమ్మ గారు, తన స్వార్జితంతో. సూరిబాబు నకలు మీదకి వంగి చూశాడు.

"నాకు తెలవదండి బాబూ. నాన్న చెప్పిందే నాకు తెలుసు."

"మీ అమ్మగారు వీలునామా రాయలేదు కదా. అయితే ఆవిడ ఇల్లు మీకూ మీ చెల్లెలికీ చెరిసగం."

"ఆవిడ సంతకం లేకుండా కొనేత్తే ఏమవుద్దండి?" అని మంగతాయారు నెమ్మదిగా అడిగింది.

"సగం ఇల్లు కొన్నట్టవుతుంది. ఆ సగం ఏ గోడ దాకానో కోర్టువారు తేల్చేసరికి మీరు రిటైరైపోతారు."

చెల్లెలి గుమ్మం తొక్కడానికి సూరిబాబుకి మొహం చెల్లలేదు. మంగతాయారే, సెలవు పెట్టి, నన్నూ నకలునీ చేతిసంచిలో పెట్టుకుని ధవళేశ్వరం వెళ్ళింది. నూకరత్నం అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఇంటి మాట ఎత్తగానే చెయ్యి అడ్డంగా ఊపేసింది.

"మా నాన్న ఇంటితో నాకేటి పనండి? ముప్పై నాలుగేళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు. నా సంతకం ఎందుకూ?"

మంగతాయారు వాదించలేదు. నకలు తీసి మొదటి వాక్యం చదివింది. నూకరత్నం మళ్ళీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"అంటే నాన్న నన్ను గెంటేసింది మాయమ్మ ఇంట్లోంచా?"

ఆవిడ ఏడ్చింది. నాకు నోరుంటే నేనూ ఏడ్చేదాన్ని. కళ్ళు తుడుచుకున్నాక అన్నకి తనే కబురు పెట్టింది. సగం తన చేతికే ఇవ్వాలంది, న్యాయమే. ఇంకొకటీ అడిగింది. కొత్త దస్తావేజులో వాళ్ళమ్మ పేరు గారుతో సహా పడాలంది. రాణి గారు ఆ వాక్యం స్వయంగా రాయించారు.

రిజిస్ట్రేషను రోజున అన్నాచెల్లెళ్ళు పక్కపక్కనే వేలిముద్రలు వేశారు. సూరిబాబు చెల్లెలికేసి చూడలేక యంత్రంకేసే చూస్తూ వేశాడు. మంగతాయారు పేరు కొనుగోలుదారుగా చదివినప్పుడు, ఏళ్ళ తరబడి బస్సు నిండా జనాన్ని గదమాయించిన మనిషి బడిపిల్లలా తలూపింది. కొత్త దస్తావేజు నా మీద కూర్చుంది. నేను లింకు డాక్యుమెంటునయ్యాను. దాన్ని చిన్నతనంగా అనుకునేవాళ్ళుంటారు. నేను లేకపోతే ఆ కొత్తదాన్ని ఎవరు నమ్ముతారు?

అక్కడినుంచి అందరూ ఇంటికెళ్ళారు. మంగతాయారు తాళంచెవి నూకరత్నం చేతిలో పెట్టి, "ముందు మీరెళ్ళండి" అంది. నూకరత్నం తలుపు తీసింది గానీ గడప దగ్గర కాలు సాగక నిలబడిపోయింది. ఎదురింటి ముసలాయన గోడ మీంచి తొంగి చూసి అడిగాడు.

"ఏవమ్మా, అప్పారావు ఇల్లు అమ్మేశారంటగా?"

నూకరత్నం వెనక్కి తిరిగింది. వీధంతా వినపడేట్టు చెప్పింది.

"అప్పారావు ఇల్లు కాదండి. కడలి పోలమ్మ గారి ఇల్లు. ఇయ్యాల్టినుంచి మంగతాయారు గారిది."

అని, కుడికాలు లోపల పెట్టింది.