ఇంకొక్క గజం

ఒక్కటంటే ఒక్క గజం, అంతకు మించి ఎవరడిగారు ఆ మనిషిని, పిల్లలు మూడు ప్రయత్నాల్లో తొమ్మిది గజాలు నెట్టుకొచ్చారు, నాలుగోది చేతిలో ఉంది, అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో పది పూర్తయితే బంతి ఇంకా మనదే, గడియారంలో రెండు నిమిషాలున్నాయి, వెనకబడింది మూడే పాయింట్లు, అలాంటప్పుడు బుర్రున్న ఏ కోచ్ అయినా పోండ్రా నాయనా, పోయి తెచ్చుకోండి అంటాడు గానీ, ఈ బ్లెవిన్స్ మహానుభావుడు చేతులు కట్టుకుని నిలబడి, బంతిని దూరంగా తన్నించేసి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఎదుటివాళ్లకి అప్పజెప్పాడు, వాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని జోకొట్టి, ఆ రెండు నిమిషాలూ గడిపేసి చక్కగా ఇంటికెళ్లారు, శనివారం నాటి సంగతి ఇది, ఇవాళ గురువారం, ఇప్పటికీ వెర్లన్ టాకెట్‌కి తిన్నది ఒంటబట్టడం లేదు, అందుకే ఇంటి ముందు ఆపిన ట్రక్కులో కూర్చుని, చెవికి ఫోను ఆనించుకుని పాతిక నిమిషాలుగా కాచుకుని ఉన్నాడు, గురువారం సాయంత్రం ఆరింటికి కోచ్ గారు చేపల హోటల్లో మైకు ముందు కూర్చుని రేడియోలో అభిమానులకు జవాబు చెబుతారు, లైన్లో ఉండండి సార్, మీ ముందు ఇద్దరున్నారు అంది ఓ అమ్మాయి, ఉంటాను తల్లీ, టాల్మన్ కాలేజీ జట్టు కోసం ముప్ఫై నాలుగేళ్లుగా లైన్లోనే ఉన్నాను, ఇంకో పది నిమిషాలు ఉండలేనా.

వంటింటి కిటికీలోంచి జునెల్ కనిపిస్తోంది, ఉడికిన గుడ్లు ఒలుస్తోంది, రేపు పొద్దున్నే బయల్దేరితే ఆరుగంటల ప్రయాణం, ఎల్లుండి వేరే ఊళ్లో ఆట, దారిలో తినడానికి గుడ్లు ఆమె చేతివే ఉండాలి అతనికి, పెంకు తీస్తూ తీస్తూ ఓసారి ఆగి మోచేత్తో ఎడమ పక్కన ఒత్తుకుంది, దురదేమో, దురదే అయ్యుంటుంది, మధ్యాహ్నం ఆ ఫోను రాకపోతే తను అసలు చూసేవాడే కాదు అటు, క్లినిక్ నుంచి మాట్లాడుతున్నామండీ, మీ ఆవిడ అడిగినట్టే రేపటి పరీక్ష డిసెంబరు ఒకటికి మార్చాం, చెప్పండి ఆవిడకి, అంటే ఏం పరీక్షమ్మా అన్నాడు వెర్రిమొహం వేసుకుని, అవతల పిల్ల గతుక్కుమంది, ఆవిణ్ణే అడగండి సార్ అని పెట్టేసింది, అడిగితే జునెల్ చేతులు తుడుచుకుంటూ, చంక దగ్గర గడ్డలా తగిలింది, సూది గుచ్చి ముక్క తీసి చూస్తారట, పక్కన మనిషి ఉండాలన్నారు, ఏం కొంప మునగదులే వెర్లన్, సీజన్ అయ్యాక చూసుకుందాం అంది, ఎప్పటినుంచి అంటే ఆగస్టు నుంచి అంది, ఆగస్టంటే జట్టు ఇంకా ఎండలో పరుగులు తీస్తున్న రోజులు, అప్పటినుంచి ఒక్క మాట, ఒక్క మాట లేదు, బ్లెవిన్స్ మాత్రం ఏం చేశాడు, ఆగస్టులోనే చూశాడుగా తన జట్టు కండబలం, అంత బలమున్న పిల్లల్ని పెట్టుకుని ఒక్క గజానికి భయపడతాడా, ఛీ.

రేడియోలో ఎవరో చేపల ఎరల కొట్టు డోయల్ అట, కోచ్ గారూ, మా ఇంటి చెత్తబుట్ట రోజూ వీధి చివరిదాకా మోయలేక చస్తున్నాను, మీ బంతి తన్నేవాణ్ణి ఓసారి పంపుతారా అన్నాడు, హోటలంతా గొల్లుమంది, బ్లెవిన్స్ కూడా నవ్వి, పంపుతాను, వాడికి వేయించిన చేప పెట్టండి చాలు అన్నాడు, సిగ్గులేకపోతే సరి, నవ్వుతాడేమిటి, వెర్లన్ స్టీరింగు మీద గుద్దాడు, తర్వాత ఓ ముసలావిడ, బాబూ నీకోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను, చేస్తున్నా ఫలితం లేదు అంది, బాగా పెట్టింది గడ్డి, డిసెంబరు ఒకటంటే ఎన్ని వారాలు, రేపటినుంచి లెక్కేస్తే ఆరో ఏడో, గడ్డ ఆరు వారాల్లో ఎంత పెరుగుతుందో అది ఎవర్ని అడగాలి, ఆగస్టునుంచి ఇప్పటికే పది వారాలు, దాణా మిల్లులో తనతో పనిచేసే రే భార్యకి కూడా ఇలాగే, వద్దు, రే భార్య సంగతి ఇప్పుడెందుకు.

వెర్లన్ గారూ, మీరు లైన్లో ఉన్నారు, రేడియో కాస్త తగ్గించండి, తగ్గించాడు, ఐదు రోజులుగా ట్రక్కులో, మిల్లులో, స్నానాల గదిలో సాధన చేసిన మాటలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి, కోచ్ గారూ, మీకు నా పిల్లల వయసుంటుంది, అయినా అడుగుతున్నాను, ఆ పిల్లలు మీకోసం ఒళ్లు హూనం చేసుకుంటున్నారు, వాళ్ల మీద మీకు ఒక్క గజం నమ్మకం లేదా, తన్నేయమన్నప్పుడు ఆ పిల్లల మొహాలు చూశారా, ఓడిపోతే పోయాం, అడగనైనా అడగలేదే మీరు, అంటూ ఉంటే గొంతు వణికింది, ఏమిటీ వణుకు, ఆటకి ఇంత వణుకేమిటి, హోటల్లో ఎవరూ నవ్వలేదు, బ్లెవిన్స్, అయ్యా, మీతో అబద్ధం చెప్పను, సెప్టెంబరులో రెండుసార్లు అడిగాను వాళ్లని, ఇంతే, ఒక్క గజమే, రెండుసార్లూ వెనక్కే పడ్డారు, మంచి పిల్లలండీ, నాకు ప్రాణం, కానీ మూడోసారి అడగడానికి నాకు నోరు రాలేదు అన్నాడు.

రెండుసార్లు, వెర్లన్ ఏదో అనబోయాడు, నీ బోడి లెక్క ఎవడిక్కావాలి అనబోయాడు, కానీ లోపల ఎక్కడో ఇంకో లెక్క మొదలైపోయింది, మొదటిసారి, పెళ్లయిన రెండో ఏడు, శుక్రవారం రాత్రి జునెల్‌కి కడుపు పోయింది, శనివారం పొద్దున మంచం మీంచి తల తిప్పి, ఈ ఒక్కరోజు ఉంటావా అంది, మీ అక్క వస్తోందిగా అన్నాడు, ఆ రోజు స్కోరు ఇప్పటికీ నోటికొచ్చు, ఇరవై ఒకటి, పధ్నాలుగు, మనమే గెలిచాం, ఇంటికొచ్చాక ఆమె ఏమందో మటుకు ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు, రెండోసారి వాళ్ల నాన్న పోయినప్పుడు, ఖననం శనివారం పడింది, ఈ ఒక్కసారికి ఆ రేడియో తీగ ఇంట్లో పెట్టి రా వెర్లన్ అంది, పెడతానన్నాడు, పెట్టలేదు, కోటు లోపలనుంచి చెవిలోకి లాక్కున్నాడు, సమాధి దగ్గర పాస్టరు ఆమెన్ అనేసరికి మనవాడెవడో బంతి జారవిడిచాడు, అయ్యో దేవుడా అని పైకే అన్నాడు, పాస్టరు దుఃఖమనుకుని భుజం తట్టాడు, ఇరవై ఏళ్లుగా ఆటకి ముందు స్టేడియం బయట మాంసం కాల్చుకుంటూ ఈ కథ చెప్పి అందరినీ నవ్విస్తున్నాడు, జునెల్ కూడా నవ్వేది, నవ్వేదా, ఏమో, పేపరు పళ్లేలు పంచుతూ తల వంచుకుని ఉండేది, ఆ తర్వాత మళ్లీ ఏమైనా అడిగిందా, ముప్ఫై నాలుగేళ్లలో ఇంకేదైనా అడిగిందా, వెతుకుతున్నాడు, ఒక పుట్టినరోజు, ఒక చుట్టాల పెళ్లి, లేదు, అన్నీ తనే చూసుకుంది, తేదీలన్నీ ఆటలకి అడ్డం రాకుండా తనే వెనక్కీ ముందుకీ జరుపుకుంది, వెర్లన్ గారూ ఉన్నారా, వెర్లన్ గారూ, అంటోంది ఫోను, పెట్టేశాడు.

వంటింట్లో ఆమె గుడ్లన్నీ డబ్బాలో సర్ది మూత పెడుతోంది, వెళ్లి చెప్పాలి, ప్రయాణం లేదు జునెల్, పొద్దున్నే క్లినిక్ తలుపు దగ్గర నిలబడదాం, ఖాళీ లేదంటే ఖాళీ అయ్యేదాకా కూర్చుందాం అని చెప్పాలి, చెబుతాడు, తప్పకుండా చెబుతాడు, అయినా ట్రక్కు తలుపు మీద చెయ్యి కదలడం లేదు, ఎందుకంటే ఇప్పుడు గుర్తొస్తోంది, మధ్యాహ్నంనుంచి బ్లెవిన్స్‌ని తిట్టి తిట్టి దేన్ని తలుచుకోకుండా దాటేస్తున్నాడో అది, సీజన్ అయ్యాక చూసుకుందాం అని ఆమె అన్న క్షణాన, గడ్డ అన్న మాట ఇంకా చెవిలో ఉండగానే, అతనికి మొట్టమొదట కలిగింది భయం కాదు, హమ్మయ్య అనిపించింది, అప్పుడు జునెల్ చేతులు తుడుచుకోవడం ఆపి అతని మొహంలోకే చూస్తోంది.