తలుపు వెనక కేక

ఏథెన్స్ రంగస్థలం మీద జనం కళ్ళెదుట ఎవరినీ చంపరు. చావాల్సినవాళ్ళు తలుపు దాటి లోపలికి వెళ్ళాలి, అక్కణ్ణుంచి కేక వినిపించాలి. రాణి వేషం కట్టిన థ్రాసన్‌కి ఇవాళ ఆ ఆనవాయితీ మీదే ఒళ్ళు మండుతోంది. లోపల ఎవడైనా నిజంగానే పొడిచేస్తే? ఈ వెర్రి జనం చప్పట్లు కొడతారు!

ఆ రాణిని, అంటే కన్నతల్లిని చంపి తండ్రి పగ తీర్చుకునే కొడుకు వేషం మికోన్‌ది. ఆ మధ్య పడవ మునిగినప్పుడు మికోన్ తమ్ముడూ థ్రాసనూ ఒకే చెక్కను పట్టుకున్నారు. అతన్ని తోసేసి థ్రాసన్ ఒక్కడే ఒడ్డుకు చేరాడు. చూసినవాళ్ళు లేరు. మరి ఈ మికోన్ గాడు కొన్నాళ్ళుగా రోజూ తేనె రొట్టెలు తెచ్చిపెడుతున్నాడెందుకు?

"ఏమ్మా, కాళ్ళు రావడం లేదా? త్వరగా రా, చంపాలి" అని తలుపు సందులోంచి మికోన్ నవ్వాడు.

థ్రాసన్ లోపలికి వెళ్ళగానే తలుపు మూసుకుంది. చీకట్లో మొన ఒకటి మెడకి గుచ్చుకుంది.

"మా తమ్ముడు గుర్తున్నాడా అన్నా?"

"చంపకురా మికోన్! నీ తమ్ముణ్ణి నీళ్ళలోకి తోసింది నేనే! చంపకు!"

ఆ కేక జనం కూర్చున్న మెట్ల వరసలన్నీ దాటి కొండదాకా వెళ్ళింది. బయట ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

మికోన్ చెక్క కత్తిని కింద పడేశాడు.

"నాకు అనుమానమే ఉండేది అన్నా. బాగా గట్టిగా చెప్పావు. బయట మెట్ల మీద కూర్చున్న మా నాన్నకి కాస్త చెవుడు."