జోజప్ప గారి కుక్క

మాది లూథరన్ ఇల్లు, శనిని నమ్మం. కానీ భూపతి విలాస్ హోటల్‌కి పటాలు సర్దిపెట్టే పని ఒప్పుకున్నాక ఆ రెండు నెలలూ నమ్మాను.

అరకులో ఒక పాత జమీందారు వేసవి బంగళాని రెండువేల మూడులో హోటల్‌గా మార్చారు. ఓనరు అచ్యుత భూపతి గారు ఆ జమీందారుకి మనవడు. నేను విశాఖలో మ్యూజియం ఉద్యోగం చేసి మానేశానని ఎవరో చెబితే పిలిపించారు. "సుజానా గారూ, ప్రతి గోడ మీదా రాజసం కనపడాలి" అన్నారు. బాత్‌రూముల్లో కూడానా అని అడిగాను. బాత్‌రూముల్లో కూడా అన్నారు.

ఆయన దృష్టిలో రాజసమంటే హైదరాబాద్‌లో కొన్న కత్తులు, ఒంటికన్ను అడవిదున్న తల, ఎవరిదో తెలియని పల్లకీ. ఆ కత్తుల తుప్పు కూడా కొత్తదే. బాగాలేదంటే మొహం మాడ్చుకునేవారు. పోనీలే పాపమని బాగుందంటే మర్నాటికి అలాంటివే ఇంకో నాలుగు దిగేవి.

అసలు తలనొప్పి మెట్ల పైనున్న పెద్ద గోడ. ఒకప్పుడు అక్కడ వాళ్ల తాతగారు జగన్నాథ భూపతి పటం ఉండేదట. జమీందారీలు పోయి బంగళా ఖాళీ చేసినప్పుడు అది మాయమైంది. ఆల్బంలో దాని చిన్న ఫోటో మిగిలింది: గడ్డం, చేతిలో బెత్తం, కాళ్ల దగ్గర మెడపట్టీతో వేటకుక్క.

"ప్రారంభోత్సవం నాటికి తాతగారు ఆ గోడ మీద ఉండాలి. లేకపోతే ఇది హోటల్ కాదు, సత్రం" అని తేల్చేశారు.

దివాణంలో పనిచేసిన పాతవాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. ఎక్కడా లేదు. చివరికి హోటల్ వంటమనిషి, కింద గూడెం చర్చిలో పాత పటాలున్నాయని చెప్పాడు. గూడెం మా కిటికీలోంచి కనపడుతూనే ఉంటుంది. కానీ హోటల్ కొత్త ప్రహరీ పాత కాలిబాటని మింగేసింది. రెండు మైళ్లు చుట్టూ తిరిగి, చెప్పు తెంపుకుని, కనపడిన ప్రతి రాయినీ తిట్టుకుంటూ చేరాను.

రేకుల కప్పు చర్చి. పక్క గోడకి వలిసెపూల దండతో, ఏసుని పెంచిన తండ్రి జోజప్ప గారి పటం. గడ్డం ఉంది. చేతికర్ర చివర ఆయన గుర్తుగా వేసే తెల్లపువ్వు. కాళ్ల దగ్గర గొర్రెపిల్ల. బాగానే ఉంది గానీ, గొర్రెపిల్లకి మెడపట్టీ ఏమిటి? దగ్గరికెళ్లి చూస్తే తెల్లరంగు పూత కింద నుంచి వేటకుక్క నన్నే చూస్తోంది.

పటం ముందు ఒక ముసలామె మోకరించి ఉంది. చర్చి ఊడ్చి తాళం వేసుకునే తెరిసమ్మ. ప్రార్థిస్తోందనుకున్నాను. విని చూస్తే దెబ్బలాడుతోంది.

"ఆ ఓటలోల్ల గోడ సంగతేటి సేసినావు? ఊటనీళ్లకి రెండు మైల్లు తిరగాల. బేగి తెమల్చమని నాలుగుసార్లు సెప్పినాను నీకు!"

నాకసలే ఒళ్లు మండి ఉంది. "అమ్మా, ఈయన జోజప్ప గారు కాదు. జమీందారు జగన్నాథ భూపతి" అన్నాను.

ఆమె మోకాలు పట్టుకుని మెల్లగా లేచింది. "తెలుసు."

"తెలుసా?"

"తెలకపోడమేటి తల్లీ? భవంతి కాళీ సేసినప్పుడు దీన్ని మోసుకొచ్చింది మా మావే. కేరళ ఫాదరు గారు గడ్డం సూసి జోజప్పనుకున్నారు. మావ కాదన్నేదు. కుక్కకి రంగేసిందీ, బెత్తానికి పువ్వెట్టిందీ ఆయనే. ఆ బెత్తం దెబ్బలు సచ్చేదాకా ఆయన ఈపు మీదున్నాయి."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. సిగ్గేసింది. "మరి ఈయనకి దండాలెందుకు?" అన్నాను.

"దండాలు పైనున్న జోజప్పకి. ఈయనకి పిర్యాదులు. బతికున్నప్పుడు మా మాట ఒక్కటీ ఇన్నేదు. ఇప్పుడు కదల్లేడు కదా, ఇంటన్నాడు."

బదులుగా మంచి విగ్రహం ఇప్పిస్తానన్నాను, నాకే చులకనగా వినిపించింది.

"ఇగ్రహమేటికి? పటం తీసుకెల్లు. ఇనీవోడొకడుండాల గదా, ఆ మనవడిని పంపు. ఆ మేకు కాడ నిలబెడతాం."

మళ్లీ రెండు మైళ్లు. భూపతి గారు వరండాలోనే ఎదురొచ్చారు. "తాతగారు దొరికారా?"

"దొరికారు. వారి బదులు మీరెళ్తే వస్తారట" అని జరిగిందంతా చెప్పాను. పోలీసులని పంపుతానని ఎగిరారు. పంపండి, కుక్క గొర్రెపిల్లైన సంగతి పేపర్లో ఫోటోతో సహా వస్తుంది అన్నాను. ఆయన చప్పబడిపోయారు.

"మరి గోడ బోసిగా ఉంటుందే!"

"మ్యూజియంలో బొమ్మ బయటికెళ్తే ఆ చోట చీటీ పెడతాం. అది నాకొదిలేయండి."

ప్రారంభోత్సవం ఉదయం అతిథులంతా మెట్లెక్కి ఖాళీ గోడ మీది చీటీ చదివారు: "శ్రీ జగన్నాథ భూపతి. తైలవర్ణ చిత్రం. ప్రస్తుతం గూడెం చర్చిలో ప్రజల ఫిర్యాదులు వింటున్నారు. విన్నాక తిరిగి వస్తారు."

"ఎంత గొప్ప వంశమండీ!" అని ఒకాయన భూపతి గారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. భూపతి గారు నవ్వలేదు. జనం భోజనాలకి కదిలాక ఆ చీటీ రెండుసార్లు చదివి నా దగ్గరికొచ్చారు.

"ఇంతకీ వాళ్ల ఫిర్యాదేమిటి?"

రెండు నెలల్లో ఆయన నన్నడిగిన పనికొచ్చే ప్రశ్న అదొక్కటే.

"నేను చెబితే ఏం బాగుంటుంది సార్? పదండి, వాళ్లే చెబుతారు" అన్నాను.

ఆయన కొత్త బూట్లు తళతళలాడుతున్నాయి. కిటికీలోంచి గూడెం వైపు చూసి, "ఇదేగా, ఐదు నిమిషాలు" అన్నారు.

రెండు మైళ్ల చుట్టు సంగతి నేను చెప్పలేదు.