నంబరు లేని బాణం

కుట్టు ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని బాణాలాయన అనేవాళ్లు. కుట్టిన చొక్కాలు చూసి, తప్పున్న చోట ఎర్ర బాణం స్టిక్కర్ అంటించడం ఆయన పని. మొన సరిగ్గా తప్పు మీదుండాలి. దాని మీద చెకర్‌గా తన నంబరు వేయాలి. నంబరు లేని బాణం చెల్లదు. ఆయన చేతిలో బాణం పడని టైలర్ లేదు. సొంత కోడల్ని కూడా వదల్లేదు.

ఆ కోడల్నీ, ఆమె లైన్లో సగంమందినీ కంపెనీ ఫోన్లో ఒక్క మెసేజ్‌తో తీసేసింది. కొడుకు నడుం దెబ్బతిని మంచంలో ఉన్నాడు. ఇక ఇంటికి మిగిలింది ఆయన జీతమొక్కటే.

కోడలు ఏడవలేదు. ఆయన జేబులోని స్టిక్కర్ల రోలు నుంచి ఒక బాణం పీకి చెంపకు అంటించుకుంది. ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. కింద ఒకటే ప్రశ్న: 'నాలో తప్పేంటి?'

తెల్లారేసరికి లైనంతా చెంపల మీద బాణాలే. పక్క ఊరి ఫ్యాక్టరీవాళ్లూ పెట్టారు. కోడలు కుడిచేత్తో అన్నం తింటూ ఎడమచేత్తో ఫోన్ జరుపుతూనే ఉంది.

"చూడండి మావయ్యా, అన్నీ మన బాణాలే."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"మొన ఎటుంది?"

"నా వైపే."

"అయితే తప్పు నీదేగా. కంపెనీ అన్నదీ అదేగా. దానికింత సంబరమా?"

కోడలు ఫోన్ కింద పెట్టేసింది. "ఇన్నాళ్లూ మీరు అంటించింది మా కుట్టు మీదేగా. ఇంకెటు తిప్పాలో మాకేం తెలుసు?"

ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి బయల్దేరాడు. వెనకే కోడలూ వచ్చింది.

గేటు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. చెంపల మీద బాణాలు, చేతుల్లో ఫోన్లు.

"బాణాలాయనొస్తున్నాడర్రా, మొహాలు దాచుకోండి," అంది కాజాలు కుట్టే ఆవిడ. అందరూ ఘొల్లుమన్నారు.

ఆయన కార్డు గీకే వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చింది. కార్డు తీశాడు. మళ్లీ జేబులో వేసుకుని రోలు తీశాడు. గేటు పక్కన కంపెనీ బోర్డు కింద ఒక బాణం అంటించాడు. మొన పైకి, సరిగ్గా పేరు మీదికి.

ఒకటే ఈలలు. ఫోన్లన్నీ అటు తిరిగాయి.

"మావయ్యా, వచ్చేయండి. ఫొటోలో పడతారు. మీదీ పోతే ఎలా?"

"ఆగు. నంబరు వేయలేదు."

పెన్ను తీసి నింపాదిగా వేశాడు.

సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు. "ఎవరిదీ నంబరు?"

"నాదే. చూసే అంటించాను."

"అయితే లోపలికి రానక్కర్లేదు."

"నేను వస్తానన్నానా?"

కాజాల ఆవిడ చెంప మీది బాణం పీకి బోర్డు కింద గోడకు అంటించింది. ఇంకొకామె, మరొకామె. కోడలు తనది పీకి ఆయన ముందు పెట్టింది. "దీనికీ నంబరు వేయండి."

ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"అంచు చిరిగింది. పనికిరాదు," అని రోలంతా ఆమె చేతిలో పెట్టాడు.